అప్‌డేట్: దేవమాలి వానలకు తట్టుకునే కెమెరా తీసుకున్నాను

ఒడిశాలోని జయపురంలో ఉంటున్నాను, వానాకాలంలో దేవమాలి కొండ మీద, డుడుమా జలపాతం దగ్గర ఫొటోలు తీయడానికి ఏ కెమెరా, ఏ లెన్సులు మంచివని అడిగింది నేనే. ఓపికగా జవాబు చెప్పిన అందరికీ కృతజ్ఞతలు.

చివరికి ఓఎం సిస్టం ఓఎం-5 కెమెరా, దానికి 12-40 ఎంఎం ఎఫ్/2.8 ప్రో-2, 40-150 ఎంఎం ఎఫ్/4 ప్రో లెన్సులు తీసుకున్నాను. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న కెమెరా) కొనమన్నవారి మాట కాదనను, మసక వెలుతురులో దాని నాణ్యతే వేరు. కానీ 1,672 మీటర్ల కొండ మీద, ఈదురుగాలిలో, నాకు బరువే ముఖ్యం. ఈ బాడీ (లెన్సు లేని కెమెరా) బ్యాటరీ, కార్డుతో కలిపి 414 గ్రాములు, లెన్సులు ఒక్కొక్కటి 382 గ్రాములు. రెండింటికీ 62 ఎంఎం ఫిల్టరే సరిపోతుంది.

బాడీకి సీలింగ్ (నీరు, దుమ్ము చొరకుండా రబ్బరు అంచుల రక్షణ) ఉంటే చాలదు, లెన్సుకూ ఉండాలన్న సలహా అన్నిటికన్నా విలువైనది. మౌంటు (కెమెరాకు లెన్సు బిగించే చోటు) దగ్గర రబ్బరు అంచు లేని లెన్సు బిగిస్తే నీరు అక్కడి నుంచే లోపలికి దిగుతుంది. ఈ మూడింటికీ ఐపీ53 రేటింగు ఉంది. అంటే పైనుంచి, ఏటవాలుగా పడే జల్లుకు భరోసా, నీళ్లలో ముంచడానికి కాదు. జలపాతం తుంపరల్లో లెన్సు మార్చడం మాత్రం ఎంత సీలింగ్ ఉన్నా వద్దు.

ఏసీ గది నుంచి తేమ గాలిలోకి వచ్చేటప్పుడు కెమెరాను కాసేపు మూసిన సంచిలోనే ఉంచుతున్నాను, అద్దం మీద ఆవిరి పట్టడం లేదు. ఇంటికి రాగానే తుడిచి, ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెడుతున్నాను. లేకపోతే ఇక్కడి తేమకు లెన్సుల్లో బూజు పట్టే ప్రమాదం ఉంది.

తడి ఆకుల మెరుపు తగ్గించడానికి పోలరైజర్ ఫిల్టరు కొనాలి. వానలో వాడినవారు ఏది నిలిచిందో చెప్పండి.