నన్నారి పాకం సీసాలకు పోసేముందు తేట పడట్లేదు, ఏం చేయాలి?

పాతబస్తీ కర్నూలు:
అందరికీ నమస్కారం. ప్రతి ఎండాకాలం మా ఇంట్లో నన్నారి పాకం కాచి సీసాలకు పోసి పెట్టుకుంటాం. ఇన్నాళ్లూ అమ్మ చేసేది, ఆమె పోయాక ఈ ఏడు మొదటిసారి నేను చేశాను. అరకిలో వేర్లు కడిగి ఆరబెట్టి మిక్సీలో పట్టి, నాలుగు లీటర్ల నీళ్లలో గంటసేపు మరగబెట్టి, గుడ్డలో వడకట్టి గట్టిగా పిండి, చక్కెర వేసి పాకం పట్టాను. చూస్తే బురదనీళ్లలా ఉంది. అమ్మ చేసిన సీసా వెలుతురుకు పట్టుకుంటే అవతలి కిటికీ ఊచలు కనిపించేవి, ముదురు తేనె రంగులో ఉండేది. నాది రెండు రోజులు కదపకుండా పెట్టినా పైన మసక పోలేదు, అడుగున వేలెడు మడ్డి. వాసన కూడా అమ్మ చేసినంత లేదు. కడపలో ఉన్న చెల్లెలికి ఐదు సీసాలు పంపాలి, అమ్మ చేతి షర్బత్ అని ఎదురుచూస్తోంది, అందుకే ఇంత టెన్షన్. పావుకిలో వేర్లు మిగిలాయి, మళ్లీ చేస్తాను. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

నల్లమల దారి:
మిక్సీ దగ్గరే చెడిందక్కా. వేరు నడుమ కట్టెలా గట్టిగా ఉంటుంది, దానిలో ఏమీ లేదు, వాసనంతా పైబెరడులోనే. రోట్లో నాలుగు దెబ్బలు వేస్తే బెరడు ఊడివస్తుంది, నడుమ పుల్ల పారేసి బెరడు కచ్చాపచ్చాగా దంచితే చాలు. మెత్తని పొడి అయితే ఏ గుడ్డలోనూ ఆగదు. ఇంకోటి, వడకట్టేటప్పుడు ఆ మూట పిండకండి. చివరి అరగ్లాసు కోసం పిండితే ఆపిన మడ్డంతా కిందికి దిగుతుంది.

చీనీతోట:
మా నానమ్మ తుంగభద్రకు కొత్తనీరు వచ్చినప్పుడు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది, తెల్లారేసరికి నీళ్లు తేటగా తేరేవి. దీనికి కూడా పనిచేస్తుందా?

బీరు కాచినవాడు:
చిల్లగింజ బురదనీళ్లకు మంచిదే, దీనికి వద్దు. నేను ఆరేళ్లు బెంగళూరులో బీరు తయారుచేసే చోట పనిచేసి ఇప్పుడు అనంతపురంలో ఉన్నాను. అక్కడ సీసాలకు పోసేముందు బీరును ఒకట్రెండు రోజులు సున్నా డిగ్రీల దగ్గరికి చల్లబరుస్తాం, ఈస్ట్ అంతా అడుగుకు దిగుతుంది, పై తేట మాత్రం గొట్టంతో లాగుతాం. అదే పని మీరూ చేయొచ్చు, కానీ చక్కెర కలపకముందు. పాకం చిక్కగా ఉంటుంది కదా, అందులో సన్నటి నలుసు దిగాలంటే వారాలు పడుతుంది, పలచటి కషాయంలో ఒక్క రాత్రికే దిగుతుంది. మీరు రెండు రోజులు ఆగి చూసింది పాకంలో.

ఇక ఆ మసక చాలావరకు గంజి అనుకుంటున్నాను. వేరులో పిండిపదార్థం ఉంటుంది, గంటసేపు మరిగిస్తే ఉడికి నీళ్లలో కలిసిపోతుంది, అది చల్లబెట్టినా సరిగా దిగదు. అనుమానముంటే చల్లారిన పాకం ఒక చెంచా నీళ్లలో కలిపి టింక్చర్ అయోడిన్ ఒక్క చుక్క వేయండి, నల్లనీలం అయితే గంజే, ఆ నీళ్లు పారబోయండి. ఈసారి వేరు మరిగించకండి. నీళ్లు కాచి దించి, అందులో బెరడు వేసి మూతపెట్టి రాత్రంతా నానబెట్టండి. మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది, మీకు తగ్గింది అందుకే.

మిఠాయి అంగడి కడప:
పాకం విడిగా పట్టండమ్మా. కిలో చక్కెరకు మూడొందల మిల్లీలీటర్ల నీళ్లు, మరుగుతుంటే రెండు చెంచాల పాలు పోయండి. పాలు విరిగి చక్కెరలోని మురికినంతా పట్టుకుని తెట్టులా పైకి తేలుతుంది, చిల్లుల గరిటెతో తీసేయండి, ఆగకుండా, లేకపోతే మళ్లీ కలిసిపోతుంది. తర్వాత పల్చటి గుడ్డలో వడకట్టి, చిటికెడు నిమ్మ ఉప్పు వేస్తే చక్కెర గడ్డకట్టదు. పొయ్యి దించాక తేట కషాయం కిలోకు పావు లీటరుకు మించకుండా కలపండి. పలచనైతే పులిసి మూత ఎగిరిపోతుంది. సీసాలు వేడినీళ్లలో మరిగించి బాగా ఆరాకే పోయాలి, తడి చుక్క ఉంటే బూజు పడుతుంది.

పాతబస్తీ కర్నూలు:
పాత పాకంలో అయోడిన్ వేశాను, క్షణంలో సిరా రంగు! ఈసారి పావుకిలో వేర్ల బెరడు తీసి దంచి లీటరు వేడినీళ్లలో రాత్రంతా ఉంచాను, పిండకుండా వడకట్టి ఇంకో రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే గాజు జగ్గు అడుగున సన్నటి మట్టిరంగు పొర, పైనంతా తేట. ఆ పొర కదలకుండా వంచడానికి పది నిమిషాలు పట్టింది, చివరి అరగ్లాసు వదిలేశాను. మూడు కిలోల చక్కెరకు ఐదు సీసాలు వచ్చాయి. కిటికీ దగ్గర పట్టుకుని చూశాను, ఊచలు కనిపిస్తున్నాయి. పాత పాకం మసకగా ఉన్నా రుచి బాగానే ఉంది, ఫ్రిజ్‌లో పెట్టి ఇంట్లో తాగుతున్నాం. చెల్లెలి సీసాలు రేపు బస్సులో పంపుతున్నాను, గడ్డి చుట్టి పెట్టె కట్టాను.