బస్తీలో తాగుడు: అవగాహన సభలు కాకుండా ఇంకేం చెయ్యొచ్చు?

బస్తీ వాలంటీర్, బోరబండ
మహిళా సంఘాలతో కలిసి తాగుడు మీద పని మొదలుపెడుతున్నాం. బస్తీలో ఎక్కువమంది అడ్డా కూలీలు, సెంట్రింగ్ పనివాళ్లు, హమాలీలు. సభలు పెట్టి చెడు అలవాటు అని చెబితే ఎవరూ మానరు. ఇక్కడ తాగుడు ఇంత నష్టం చెయ్యడానికి కారణాలేంటి? వాటిలో మేం మార్చగలిగేవి ఏవి? కల్లు కాంపౌండ్‌కి వెళ్లేవాళ్లకు ప్రమాదం తక్కువంటారు, నిజమేనా?

కూలీ సంఘం కార్యకర్త
డబ్బు ఎప్పుడు, ఎక్కడ చేతికొస్తుందో ముందు చూడండి. శనివారం చీకటిపడ్డాక మేస్త్రీ బట్వాడా చేస్తాడు. నలుగురికీ కలిపి పెద్ద నోట్లిచ్చి పంచుకోమంటాడు. ఆ వేళప్పుడు చిల్లర దొరికేది వైన్స్‌లోనే, పక్కనే పర్మిట్ రూం. మధ్యాహ్నం తిన్నది ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. మేస్త్రీలతో మాట్లాడి మధ్యాహ్నం భోజనాల వేళకే ఎవరి కూలి వాళ్లకు విడిగా ఇప్పించండి. ఆడవాళ్ల కూలి వాళ్ల ఖాతాలోనే పడాలి. అయితే మగవాడి కూలి మొత్తం భార్య ఖాతాలో వేయించే పని మాత్రం పెట్టుకోకండి, ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమే.

ఇక ఒళ్లునొప్పులు. రోజంతా సిమెంటు బస్తాలు మోసినవాడికి నొప్పి మాత్రా మద్యమే, నిద్ర మాత్రా మద్యమే. పైగా రోజువారీ వసూలు చేసే గిరిగిరి అప్పువాడు పొద్దున్నే వస్తాడన్న దిగులు. నడుం నొప్పికి బస్తీ దవాఖానాలో చూపించడం కూడా తాగుడు మీద చేసే పనే.

డీ-అడిక్షన్ నర్సు
"రోజూ ఒక్క క్వార్టరే" అనే మాట నమ్మకండి. క్వార్టర్ అంటే 180 మి.లీ. విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం కాబట్టి అందులో సుమారు 60 గ్రాములు ఉంటుంది. ఒకేసారి 60 గ్రాములు, ఆపైన తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది అతి తాగుడు. సరిగా తినకుండా తాగేవాళ్లలో బి1 విటమిన్ పడిపోతుంది, టీబీ ముప్పూ పెరుగుతుంది.

ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: పొద్దున చేతులు వణుకుతాయా, ఆ వణుకు తగ్గడానికి తాగుతారా? అవునంటే ఒట్టు వేయించో, మాల వేయించో ఒక్కసారిగా మాన్పించొద్దు. ఆరేడు గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. దీంతో ప్రాణం పోవచ్చు. ఆర్ఎంపీ దగ్గర ఉత్త గ్లూకోజ్ ఎక్కించడం ఇంకో తప్పు. ముందు బి1 ఇంజెక్షన్ పడాలి, లేకపోతే మెదడు దెబ్బతింటుంది. కూరలో తెలియకుండా మాన్పించే మందు కలపడమూ ప్రమాదమే: అది కడుపులో ఉండగా తాగితే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలొచ్చు.

కల్లు సంగతి. స్వచ్ఛమైన కల్లులో ఆల్కహాల్ తక్కువే. కానీ నగరంలో అమ్ముడుపోయేంత కల్లు ఇచ్చే చెట్లు చుట్టుపక్కల లేవు. అందుకే నీళ్లు, శాకరిన్, మత్తుకి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

బస్తీ వాలంటీర్, బోరబండ
అలాగైతే కాంపౌండ్ మూయించమని ధర్నా చేద్దామనుకుంటున్నాం.

డీ-అడిక్షన్ నర్సు
చెయ్యండి, కానీ వరస మార్చండి. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ మీద దాడులు జరగగానే అలవాటుపడ్డవాళ్లు ఫిట్స్‌తో, పిచ్చిచేష్టలతో ఆస్పత్రులకు పరుగెత్తారు. మత్తుమందు ఉన్నట్టుండి ఆగితే జరిగేది అదే. ముందు రోజూ తాగేవాళ్ల జాబితా రాసుకోండి, ఆడవాళ్లను కూడా కలపండి, కాంపౌండ్‌కి వెళ్లేవాళ్లలో వాళ్లూ ఉంటారు. వణుకు ఉన్నవాళ్లను ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలో చూపించండి. సలహాకి 14446, 14416 నంబర్లు ఉచితం. వాళ్లకు మందులు మొదలయ్యాక ధర్నా తేదీ పెట్టుకోండి.