తుపాకీ మడమకి తోలు: రివెట్లా, మేకులా?

నమస్కారమండి. మాది విశాఖ, వన్ టౌన్. మా తాతగారి పాత ఎయిర్ రైఫిల్ మొన్న అటక మీంచి దిగింది. గొట్టం మధ్యకి విరిచి పెల్లెట్ పెట్టే రకం. ఇనుము బాగానే ఉంది గానీ, భుజానికి ఆనించే చెక్క మడమ మీద, చెంప ఆనే చోట తోలు అప్పడంలా పెళుసెక్కి, ముట్టుకుంటే రాలిపోతోంది. పాత రివెట్లు ఇనపవి. ఈ సముద్రపు గాలికి తుప్పు పట్టి చుట్టూ చెక్కంతా నల్లబడింది.

అందుకే ఈసారి రాగి రివెట్లు, వాషర్లు, మూడు మిల్లీమీటర్ల తోలు పూర్ణా మార్కెట్ వైపు కొన్నాను. ముందు పనికిరాని ముక్క మీద కొట్టి చూశా. రెండు చక్కగా కూర్చున్నాయి, మూడోది లోపలే వంకర తిరిగింది. సుత్తితో అణచాల్సిన రివెట్ కాడ పొడుగ్గా వదిలేశాననుకుంటా. వాషర్ పైకి ఎంత ఉంచి కత్తిరించాలి?

అసలు సందేహం వేరే. తోలుని మడమ చుట్టూ చుట్టి, అంచులు రెండూ రివెట్లతో కలిపేస్తే చెక్కకి చిల్లు పడదు. కానీ చుట్టాక, సుత్తి దెబ్బకి ఆసరాగా రివెట్ కింద దిమ్మ పెట్టడానికి చోటేదీ? ముందే తొడుగులా రివెట్లు కొట్టేసి, తోలు తడిపి ఎక్కించాలా? ఆరాక బిగుస్తుందా, లోపల చెమ్మ నిలిచి చెక్క పాడవుతుందా?

మా వీధిలో చెప్పులు కుట్టే ఆయనైతే "ఇత్తడి మేకులు దిగ్గొట్టేద్దాం బాబూ, పది నిమిషాల పని" అంటున్నాడు. ఆయన చేతి పని మంచిదే, కానీ అంత పాత చెక్క బీటలిస్తుందేమోనని నా భయం. ఇలాంటిది చేసినవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.