600 బీఆర్ఎంకి తయారీగా హైదరాబాద్ – వైజాగ్ సైకిల్ ప్రయాణం: రోజుకి 150 ఎక్కువా?

ప్రశ్న (హైదరాబాద్):
నమస్తే అండీ. నాకు 38 ఏళ్లు. ఈ సీజన్‌లో 200, 300 కిలోమీటర్ల బీఆర్ఎంలు (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) పూర్తి చేశాను. 300కి గడువు 20 గంటలు కదా, నేను పావుగంట మిగిల్చుకుని చేరాను. ఫిబ్రవరిలో 600 ఉంది, దానికి 40 గంటలు. తయారీగా సంక్రాంతి సెలవుల్లో ఒక్కడినే సూర్యాపేట, విజయవాడ, రాజమండ్రి మీదుగా నాలుగు రోజుల్లో వైజాగ్ చేరాలని ఉంది. రోడ్ బైక్, 25 ఎంఎం టైర్లు. రోజుకి 150 చొప్పున తొక్కితే ఎక్కువవుతుందా? ఇంకో భయం కూడా ఉంది. 300లో చివరి వంద కిలోమీటర్లు ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారాయి. మర్నాడు చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టాల్సి వచ్చింది.

జవాబు (వైజాగ్):
దూరం సంగతి తర్వాత. ముందు దిశ మార్చండి. చలికాలంలో కోస్తాలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. విజయవాడ నుంచి వైజాగ్ రావడమంటే దానికి ఎదురు తొక్కడమే. ఓ జనవరిలో నేనూ అలాగే బయల్దేరాను. తుని దాటాక చదును రోడ్డు మీద కూడా గంటకి 16 దాటితే ఒట్టు. సైకిల్ని రైల్లో పార్సిల్ చేసి ఇక్కడికి వచ్చి, ఇటు నుంచి అటు వెళ్లండి.

నాలుగు రోజులు వద్దు, ఐదు పెట్టుకోండి. మొదటి రోజు అన్నవరం, రెండో రోజు తణుకు, మూడో రోజు విజయవాడ. ఇవి మూడూ రోజుకి 110, 120 కిలోమీటర్లు. ఆ తర్వాత సూర్యాపేట, హైదరాబాద్ రెండూ 135 దాకా వస్తాయి. పైగా విజయవాడ దాదాపు సముద్రమట్టంలోనే ఉంటుంది, హైదరాబాద్ 500 మీటర్ల పైన. ఘాట్ రోడ్డేమీ లేదు గానీ, కంటికి కనిపించని ఎక్కుడు రెండు రోజులు సాగుతుంది. అలిసిన కాళ్లతో అది తొక్కడమే మీకు కావాల్సిన ప్రాక్టీసు.

మొదటి రోజు మాత్రం పక్కన ఎవరో ఉన్నట్టు, వాళ్లతో కబుర్లు చెప్పగలిగే వేగంలోనే తొక్కండి. వెనక గాలి ఉంటుంది, కాలు ఆగదు, తెలుసు. అయినా ఆపండి. రెండో రోజు పొద్దున సీటు మీద కూర్చోగానే అబ్బా అనిపిస్తుందే, ఆ మొదటి అరగంట కోసమే ఈ ప్రయాణమంతా. 600లో రెండు గంటలు కునుకు తీసి లేచాక ఉండేది అచ్చం అదే.

జవాబు (విజయవాడ):
చేతుల గురించి చెప్తాను, నేనూ ఆ బాధ పడ్డాను కాబట్టి. రెండో రోజు రాత్రి హోటల్లో ఉప్మా తింటుంటే చెంచా జారి కింద పడింది. ఆ రెండు వేళ్లకీ వెళ్లే నరం అరచేతి అంచు దగ్గర నలుగుతుంది. జెల్ గ్లవ్స్ కొన్నాను, పెద్దగా లాభం లేదు. అసలు కారణం సీటు. దాని ముక్కు కిందకి వంగి ఉండేది, దాంతో ఒళ్లంతా ముందుకి జారి బరువు చేతుల మీద పడేది. దాన్ని సమంగా పెట్టి, హ్యాండిల్ ఒక సెంటీమీటరు పైకి లేపాక సగం తగ్గింది. పది నిమిషాలకోసారి చేతుల పట్టు మార్చడం అలవాటు చేసుకున్నాక మిగతాది. మీకు ఇప్పటికీ వేళ్లలో పట్టు తక్కువగా ఉంటే మాత్రం బయల్దేరే ముందే డాక్టర్‌కి చూపించండి.

ఫ్రేములో పడితే 28 టైర్లు వేయించండి, గాలి కాస్త తగ్గించుకోవచ్చు. ఇంకోటి, కనుబొమలు పీకే చిన్న పట్టకారు ఒకటి సంచిలో వేసుకోండి. హైవే అంచున లారీ టైర్లు పేలిన చోట వెంట్రుకంత ఇనప తీగ ముక్కలు ఉంటాయి. టైరులో దిగితే కంటికి కనిపించవు. ట్యూబ్ మార్చి నాలుగు కిలోమీటర్లు వెళ్తే మళ్లీ గాలి పోతుంది. కొత్త ట్యూబ్ వేసే ముందు టైరు లోపల దూదితో తుడవండి, తీగ ఉన్నచోట దూది పట్టుకుంటుంది.

ప్రశ్న (హైదరాబాద్):
దిశ మార్చాలన్న ఆలోచనే రాలేదండీ, థాంక్స్. సీటు ఇప్పుడే చూశాను, ముక్కు కిందకే ఉంది! తిండి ఎలా? 300లో సగం నుంచి ఏమీ మింగుడు పడలేదు.

జవాబు (రావులపాలెం):
ఆకలి వేసేదాకా ఆగారేమో. ముప్పావుగంటకోసారి కొంచెం కొంచెం తినాలి, ఆకలి ఉన్నా లేకపోయినా. గంటకి రెండు అరటిపళ్లు లెక్క పెట్టుకోండి. అరటిపళ్లకి మా ఊరు రావాల్సిందే, అందుకే కొవ్వూరు మీద కాకుండా జొన్నాడ, సిద్ధాంతం వంతెనల మీదుగా రండి. గౌతమి, వశిష్ఠ రెండూ చూస్తారు, దారిలో ఊళ్లు కూడా ఎక్కువ. రెండో రోజు అన్నవరంలో బయల్దేరేటప్పుడు ప్రసాదం పొట్లాలు రెండు జేబులో వేసుకోండి. గోధుమ రవ్వ, పంచదార, నెయ్యి: ఎనర్జీ బార్ దీనిముందు ఎందుకు? మధ్యాహ్నం బిర్యానీ జోలికి వెళ్లొద్దు, పెరుగన్నం చాలు. ఓఆర్ఎస్ మందుల షాపులో దొరికే పొడి ప్యాకెట్టే తీసుకుని, దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి.

జవాబు (సూర్యాపేట):
అంతా బాగుంది గానీ, సంక్రాంతికా? పండక్కి ముందు హైదరాబాద్ మొత్తం విజయవాడ వైపు వస్తుంది, మీరు ఎదురు దిశలో ఉంటారు కాబట్టి గట్టెక్కొచ్చు. పండగ అయ్యాక మాత్రం ఆ కార్లన్నీ మీ వెనకాలే. పంతంగి టోల్ దగ్గర నిలబడిపోయిన కార్లు చాలవన్నట్టు, అంచు మీదుగా దూరిపోయే బైకులు. భోగికి ఇల్లు చేరేలా ముందుకి జరుపుకోండి, లేదా డిసెంబర్‌లోనే కానిచ్చేయండి.

ప్రశ్న (హైదరాబాద్):
డిసెంబర్‌కే సెలవు పెడతాను. చివరిగా ఒకటి. 600లో రాత్రంతా తొక్కాలి కదా, అది కూడా ఇందులోనే ప్రాక్టీసు చేయనా?

జవాబు (వైజాగ్):
ఒంటరిగా రాత్రంతా వద్దు. ఒక్క రోజు తెల్లవారుజామున నాలుగుకి బయల్దేరండి, విజయవాడ నుంచి వెళ్లేటప్పుడైతే మేలు, ఆ రోజు దూరం కూడా ఎక్కువ. రెండు వెనక లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్, అచ్చం బీఆర్ఎంలో లాగే. ఆ వేళకి డ్రైవర్లు లైట్లు ఆర్పేసి అంచున లారీలు ఆపి నిద్రపోతుంటారు. ముందు లైటు దూరానికి పడేలా సర్దుకోండి, దగ్గరికి వెళ్లేదాకా అవి కనిపించవు.