లక్సర్‌లో ఒక్క రోజు: క్రూజ్ వాళ్ళ టూరా, విడిగా టాక్సీనా?

సంచారి: నైలు క్రూజ్‌లో లక్సర్‌కి ఒక్క రోజే దొరికింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పొద్దున పడమటి గట్టు, సాయంత్రం కర్నాక్ గుడి అనుకుంటున్నాం. గ్రూప్ టూర్ తీసుకోవాలా, టాక్సీ మాట్లాడుకోవాలా?

రాళ్ళబాట: టాక్సీయే. పడమటి గట్టున ఫరోల సమాధులుండే రాజుల లోయని పొద్దున 6కే తెరుస్తారు, బస్సులు రాకముందే లోపల ఉండాలి. మామూలు టికెట్‌కి మూడు సమాధులే. టూటంఖామున్, మొదటి సేతి, ఆరో రామెసెస్ సమాధులకి వేరే టికెట్లు కొనాలి. అమ్మగారితో ముందు 2వ నంబరు, అంటే నాలుగో రామెసెస్ సమాధి చూడండి. వాలు తక్కువ, రంగులు బాగా నిలిచాయి. 34వ నంబరు (మూడో తుత్మోస్) జోలికి వెళ్ళొద్దు: నిటారు ఇనుప మెట్లెక్కి, మళ్ళీ లోపలికి దిగాలి. పైగా సమాధుల్లో గైడ్లు వివరించకూడదు, బయటే చెప్పి పంపేస్తారు. ఆ మాత్రానికి గ్రూప్ దేనికి?

శిల్పరేఖ: ఆ బయట చెప్పేదే అసలు సంగతి. చెప్పేవాళ్ళు లేకపోతే కర్నాక్ పెద్ద మంటపంలో 134 స్తంభాలూ ఒకేలా కనిపిస్తాయి. ఆ మంటపం ఉత్తరం సగంలో మొదటి సేతి చెక్కించిన బొమ్మలు రాతి మీదికి ఉబ్బి ఉంటాయి. దక్షిణం సగంలో ఆయన కొడుకు రెండో రామెసెస్‌వి ఎక్కువగా లోపలికి తవ్వినవి. తండ్రి పని ఎక్కడ ఆగిందో, కొడుకు ఎక్కడ అందుకున్నాడో రాతి మీదే తెలుస్తుంది.

వెన్నెల: లోయలో బండి టికెట్ మర్చిపోకండి. సమాధుల దాకా ఎండలో నడక కష్టం.

రాళ్ళబాట: గ్రూప్ బస్సులు అలబాస్టర్ రాతి వస్తువుల దుకాణాల దగ్గర ఆగుతాయే, ఆ సంగతి చెప్పరేం? వంతెన ఊరికి దక్షిణంగా దూరం, చుట్టు తిరగాలి. లక్సర్ గుడి దగ్గర ఫెర్రీ ఎక్కితే నేరుగా అవతలి గట్టు, టాక్సీలూ అక్కడే.

శిల్పరేఖ: మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఫెర్రీ ఎక్కించి దించుతారా? అసలే క్రూజ్ ఓడల్ని పక్కపక్కనే కట్టేస్తారు, వేరే ఓడల లాబీలు దాటితే గానీ గట్టు రాదు.

రాళ్ళబాట: ఫెర్రీ వదిలేయండి! టాక్సీ వంతెన మీదుగా వెళ్తుంది. మీరు పట్టుకున్నది అదొక్కటేనా?

శిల్పరేఖ: మీ కోపం గైడ్ మీదా, గుంపు మీదా? ముందది తేల్చండి.

రాళ్ళబాట: గుంపు మీదే. అమ్మగారు ఒక గోడ ముందు పది నిమిషాలు నిలబడాలంటే ముప్పై మంది ఆగరు. గైడ్ వద్దని నేననలేదు.

శిల్పరేఖ: నాకూ టాక్సీతో పేచీ లేదు. లైసెన్స్ ఉన్న గైడ్‌ని విడిగా పెట్టుకోమనండి.

రాళ్ళబాట: సరే. లోయ అయ్యాక హత్‌షెప్సుత్ రాణి గుడి వదిలేసి మెదినెత్ హాబు, అంటే మూడో రామెసెస్ గుడి చూడండి. రద్దీ తక్కువ, పైకప్పుల కింద రంగులింకా ఉన్నాయి.

శిల్పరేఖ: హత్‌షెప్సుత్ గుడిలో పుంట్ అనే దేశానికి చేసిన యాత్ర శిల్పాలు వదిలేయమంటారా? ఒప్పుకోను.

సంచారి: ఆ గుడి పొడవాటి ర్యాంపులు అమ్మ వల్ల కాదండీ. మెదినెత్ హాబులో ఎక్కుడు ఉందా?

వెన్నెల: పెద్దగా లేదు. లక్సర్ గుడి చీకటి పడ్డాక కూడా తెరిచే ఉంటుంది, దాన్ని చివరికి పెట్టుకోండి.