సిమ్యులేషన్‌లో నిమిషానికి 62, కౌంటర్‌లో 47: తేడా ఎక్కడ?

హన్మకొండ_మ్యూయాన్:
అన్నలూ, కాలేజీ ల్యాబ్‌ల మ్యూయాన్ టెలిస్కోప్ (అంతరిక్ష కిరణాల నుంచి పుట్టి పైనుంచి పడే మ్యూయాన్ కణాలను లెక్కపెట్టేది) పెట్టినం. 20×20 సెం.మీ. ప్లాస్టిక్ సింటిలేటర్లు (కణం దాటితే మెరిసే పలకలు) రెండు, మందం 1 సెం.మీ., మధ్యన 30 సెం.మీ. ఎడం, ఒక్కోదానికి సిలికాన్ ఫొటోమల్టిప్లయర్ (ఆ వెలుగును పట్టే సెన్సర్). జియాంట్4లో (కణాల ప్రయాణాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) అదే అమరిక కట్టి, క్రై జనరేటర్‌తోని (ఆకాశం నుంచి పడే కణాలను పుట్టించే ప్రోగ్రామ్) మ్యూయాన్లు వదిలితే కోయిన్సిడెన్స్ (రెండు పలకలూ ఒకేసారి మోగుడు) నిమిషానికి 62 వస్తున్నది. కొలిస్తే 47. గంటకు 2820 కౌంట్లు, వర్గమూలం 53, అంటే అనిశ్చితి 2 శాతం లోపే. ఇది ఊరికే వచ్చిన తేడా కాదు. ఫిజిక్స్ లిస్ట్ (కణాలు పదార్థంల ఎట్ల నడుస్తయో చెప్పే నియమాల సెట్) మార్చాల్నా?

కాజీపేట_కౌంటర్:
ఫిజిక్స్ లిస్ట్ జోలికి పోకు తమ్మీ. మ్యూయాన్ ఒక సెంటీమీటరు ప్లాస్టిక్‌లో ఏ లిస్ట్ పెట్టినా 2 ఎంఈవీ శక్తి చుట్టుపక్కలే వదుల్తుంది. 62ను 0.76తో గుణించి సరిపెట్టుడు అసలే వద్దు, తప్పు ఎక్కడుందో ఇక ఎన్నటికీ దొరకదు.

ముందు ఎడం మార్చి చూడు: 30, 60, 90 సెం.మీ. కొలతలోనూ సిమ్యులేషన్‌లోనూ 30 దగ్గరి రేటుతో మిగతావాటిని భాగించు. ఈ నిష్పత్తిలో మొత్తం ఫ్లక్స్ (పడే మ్యూయాన్ల జోరు), ఎఫిషియెన్సీ (దాటిన మ్యూయాన్లలో పలక పట్టుకునే వంతు) దాదాపు కొట్టుకుపోతయి. నిష్పత్తులు కలిస్తే జ్యామితి, కోణాల పంపిణీ బాగున్నట్టే, తప్పు ఎఫిషియెన్సీలోనో నార్మలైజేషన్‌లోనో (సిమ్యులేషన్ లెక్కను నిమిషానికి మార్చే చోట) ఉంది. కలవకపోతే మ్యూయాన్లు పుట్టే తలం సైజు చూడు. నీ టెలిస్కోప్ 43 డిగ్రీల దాకా చూస్తది కాబట్టి, తలం 3 మీటర్ల ఎత్తున ఉంటే నలుదిక్కులా దాదాపు 3 మీటర్లు పరుచుకొని ఉండాలె. సొంత గన్ (మ్యూయాన్లను వదిలే కోడ్) రాసేవాళ్లు ఇంకో చోట పడిపోతరు: తీవ్రత నిలువు నుంచి వంగిన కోణానికి కాస్ స్క్వేర్ లెక్కన తగ్గినా, అడ్డంగా ఉన్న తలాన్ని దాటేవాటికి ఇంకో కొసైన్ కలుస్తది.

90 సెం.మీ. ఎడం దగ్గర నీకు నిమిషానికి సుమారు 7 వస్తయి. ఒక శాతం కావాలంటే పదివేల కౌంట్లు, అంటే ఒక రోజు పూర్తిగా నడపాలె.

సింటిలేటర్_భీమారం:
నా అనుమానం ఎఫిషియెన్సీ మీదే. సిమ్యులేషన్‌లో శక్తి సున్నా దాటితే చాలు, హిట్ అని లెక్కేస్తున్నారా? డిస్క్రిమినేటర్ (థ్రెషోల్డ్ అనే హద్దు దాటిన పల్స్‌నే లెక్కించే సర్క్యూట్) అలా చేయదు. మూలలు తాకిపోయే మ్యూయాన్లు తక్కువ వెలుగిస్తాయి, థ్రెషోల్డ్ కింద పడిపోతాయి. పల్స్ ఎత్తుల హిస్టోగ్రామ్‌లో మ్యూయాన్ శిఖరం ఎన్ని మిల్లీవోల్టుల దగ్గరుందో చూసి, థ్రెషోల్డ్ అందులో ఎన్నో వంతో లెక్కగట్టి, సిమ్యులేషన్ శిఖరం మీద అదే వంతు దగ్గర కోత పెట్టండి, అంతకు తక్కువ శక్తి వదిలినవి లెక్కించకండి.

తర్వాత మూడో సింటిలేటర్ కావాలి. పరీక్షించే పలకను నడుమ పెట్టి, పైనా కిందా చిన్న పలకలు పెట్టండి. మూడూ కలిసి మోగినవి భాగించు పైదీ కిందదీ మోగినవి, అదే ఎఫిషియెన్సీ. ఒక్కోటి 88 శాతమైతే రెండింటికీ కలిపి 77. 62లో 77 శాతమంటే 48, మీరు కొలిచిన 47కు దగ్గరే.

ఓరుగల్లు ఎండలో ఇంకోటుంది. ఎస్13360 రకం సిలికాన్ ఫొటోమల్టిప్లయర్‌కు బ్రేక్‌డౌన్ వోల్టేజ్ (అది పని మొదలుపెట్టే వోల్టేజ్) డిగ్రీకి 54 మిల్లీవోల్టులు పెరుగుతుంది. ల్యాబ్ 15 డిగ్రీలు వేడెక్కితే 0.8 వోల్టు. ఓవర్‌వోల్టేజ్ (దానికి పైన ఇచ్చేది) ఉన్నదే 3 వోల్టులు, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మేర) పావు వంతుకు పైగా పోతుంది. తెల్లవారుజాము, మధ్యాహ్నం రేట్లు విడివిడిగా గీయండి.

హన్మకొండ_మ్యూయాన్:
కోత సున్నా దగ్గరనే ఉంది. జనరేటర్ ఫైల్‌ల అక్షాంశం 90, ఎత్తు 0 ఉన్నయి, వాటిని ముట్టలే.

కాజీపేట_కౌంటర్:
90 అంటే ధ్రువం! 18 పెట్టు. మన దిక్కు భూ అయస్కాంత క్షేత్రం సుమారు 17 జీవీ (గిగావోల్టు, అయస్కాంత క్షేత్రంలో కణం వంగకుండా నిలిచే బలానికి కొలత) లోపు ఉన్న, అంతరిక్షం నుంచి వచ్చే ప్రాథమిక కిరణాలను ఆపేస్తది, మ్యూయాన్లు ఆ మేరకు తగ్గుతయి. ఎత్తు 0 ఉండనీ, క్రై జనరేటర్‌లో 0 తర్వాత పెట్టగలిగే ఎత్తు 2100 మీటర్లే. ల్యాబ్ స్లాబు కూడా జ్యామితిల కలుపు. మ్యూయాన్లను పెద్దగా ఆపదు గానీ, ఎలక్ట్రాన్లు, గామాలను బాగా తగ్గిస్తది.