గుడాకు మానడానికి హిప్నోథెరపీ: ఒకే మాట పదేపదే వింటే పనిచేస్తుందా?

రాయగడ నుంచి:
మా బావగారు రోజుకు ఐదారుసార్లు గుడాకు (పళ్లకు, చిగుళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద) రాసుకుంటారు. హిప్నోథెరపీ (ఒళ్లు వదులు చేసి మనసుకు మాట ఎక్కించే పద్ధతి) అని ‘నేను గుడాకు ముట్టను’ అనే రికార్డింగు మూడు వారాలుగా వింటున్నారు. వింటుంటేనే ఇంకా గుర్తొస్తోందట. లోపం ఎక్కడ?

బరంపురం నుంచి:
లోపం ఆ వాక్యంలోనే ఉందండీ. ‘గుడాకు ముట్టను’ అనగానే మనసులో ముందు మెదిలేది గుడాకే. ఏం మానాలో కాదు, ఆ క్షణాన ఏం చెయ్యాలో చెప్పాలి. పొద్దున్న లేవగానే చూపుడువేలు చిగుళ్ల వైపు పోతుంది కదా, సజెషన్ (మనసుకు చెప్పుకునే మాట) ఆ వేలికే కట్టాలి: ‘వేలు పెదవికి తగలగానే నీళ్లు పుక్కిలిస్తాను, నోరు చల్లబడుతుంది.’

ముందు 5–10 నిమిషాలు ఊపిరి మీద ధ్యాస పెట్టి ఒళ్లు వదులు చెయ్యాలి. 10 నుంచి 1 దాకా వెనక్కి లెక్క. తర్వాత ఆ వాక్యం ఐదారుసార్లు. ప్రతిసారీ రెండు ఊపిర్లు ఆగి, చల్లనీళ్లు బుగ్గల్లో తిరుగుతున్నట్టు ఊహించుకోవాలి. ఈ ఆగడం లేకుండా గబగబా వందసార్లు విన్నా చెవిన పడి పోతుందంతే. చివర్న 1 నుంచి 5 లెక్కపెట్టి కళ్లు తెరవాలి. పగలు మెలకువలోనూ నిజంగా వేలు తాకించి, పుక్కిలించి చూడాలి. వేలికీ పుక్కిలింతకూ జోడీ బిగిసేది అక్కడే.

పర్లాకిమిడి నుంచి:
ఫ్రాన్స్‌లో తనకు తానే సజెషన్ ఇచ్చుకునే పద్ధతి నేర్పిన ఎమిల్ కూయే (1857–1926) 20 ముడులు వేసిన దారం ఇచ్చి, ఒకే మాట ఉదయం 20 సార్లు, రాత్రి 20 సార్లు చెప్పుకోమనేవాడు. పంతంగా కాదు, తేలిగ్గా. పట్టుబట్టేకొద్దీ మనసు ఎదురు తిరుగుతుందని ఆయన లెక్క. ఇంకో మాట: బావగారు కొట్లో గుడాకు ఒడియాలో అడుగుతారా? అయితే కొట్టు దగ్గరి సజెషన్ ఒడియాలోనే ఉండాలి. పుస్తకాల తెలుగు అక్కడ గుర్తుకు రాదు.

జయపురం నుంచి:
నికోటిన్‌ని మరవకండి. మానిన మొదటి రెండు మూడు రోజులే చిరాకు ఎక్కువ, పూర్తిగా తగ్గడానికి 2–4 వారాలు. మలబద్ధకం కూడా వస్తుంది, చాలామంది మళ్లీ డబ్బా తీసేది అందుకే. గోరువెచ్చని నీళ్లు, పీచు పదార్థాలు ముందే మొదలుపెట్టించండి. సిగరెట్ల విషయంలో హిప్నోథెరపీ మిగతా పద్ధతులకంటే మెరుగని 2019 కోక్రేన్ సమీక్షలో (వైద్య పరిశోధనలను కలిపి చూసే సమీక్ష) తేలలేదు. అందుకే దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పొగాకు మానడానికి సాయం చేసే ఉచిత క్విట్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చెయ్యండి, నికోటిన్ గమ్ గురించి డాక్టరును అడగండి. లేనివి వినిపించడం, కనిపించడం లాంటి మానసిక జబ్బు ఉంటే సైకియాట్రిస్టును అడక్కుండా హిప్నోథెరపీ వద్దు.

రాయగడ నుంచి:
పాత రికార్డింగు తీసేయాలా?

బరంపురం నుంచి:
తీసేయండి. కొత్తది బావగారి గొంతుతోనే, ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెయ్యమనండి. బండి నడుపుతూ మాత్రం వినకూడదు.